గడప లోపలి కార్ఖానా: బీడీ కార్మికుల హక్కులు, రక్షణలు

అడవిలో దొరికే ఆకు, పొలంలో పండే పొగాకు, జానెడు దారం: ఈ మూడింటి కలయికే బీడీ. చూడడానికి ఎంతో అల్పమైన ఈ వస్తువు వెనుక అనేక రాష్ట్రాల ప్రజల శ్రమ పెనవేసుకొని ఉన్నది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, మహారాష్ట్ర, తెలంగాణ అడవులలో ఎండలు ముదిరే ఏప్రిల్, మే మాసాలలో గిరిజనులు తునికాకు కోస్తారు. ఆకులను కట్టలు కట్టి కల్లాల వద్ద అప్పగిస్తారు. పొగాకు గుజరాత్‌లోని చరోతర్ ప్రాంతం నుంచి, కర్ణాటక సరిహద్దులోని నిపాణి నుంచి వస్తుంది. ఈ రెండూ కలిసేది పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాదు జిల్లా జంగీపూర్‌లో కావచ్చు. తమిళనాడులో తిరునల్వేలి పల్లెలలో కావచ్చు. మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లోనో, తెలంగాణలోని నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాలలోనో కావచ్చు. చుట్టినది ఒక రాష్ట్రం, కాల్చేది మరొక రాష్ట్రం. దక్షిణాదిన ఒక గృహిణి ఒడిలోని చేటలో తయారైన బీడీ ఉత్తరాదిన ఒక రిక్షా కార్మికుని జేబుకు చేరుతుంది.

కేంద్ర కార్మిక మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం దేశంలోని బీడీ కార్మికులు దాదాపు 50 లక్షలమంది. వీరిలో అత్యధికులు స్త్రీలు. వారిలోనూ ఇంటివద్ద పనిచేసేవారే ఎక్కువ. వీరికి కార్ఖానా గేటు లేదు. పనివేళలు తెలిపే గంట లేదు. హాజరు పట్టీ లేదు. ఏళ్ల తరబడి పనిచేసినా యజమాని ముఖం చూడనివారు అనేకులు. మన దేశంలో అసంఘటిత రంగమని పిలువబడే విశాల ప్రపంచానికి ఈ పరిశ్రమ ఒక చక్కని నమూనా. అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ కమిషన్ దేశంలోని శ్రామికులలో నూటికి 92 మంది ఏ రక్షణా లేని అనియత ఉపాధిలో ఉన్నారని తేల్చింది. కూలీ ఎంత, సెలవు ఎంత, పింఛను ఎంత అనే ప్రశ్నలన్నీ వీరి విషయంలో తరువాతివి. మొదటి ప్రశ్న వేరు: ఈ పనికి యజమాని ఎవరు? బీడీ కార్మికుల చట్టాల చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

పని తీరు

ముందుగా పని ఎట్లా సాగుతుందో తెలుసుకొనుట అవసరం. కమీషన్‌దారు వద్ద ఆకు, తంబాకు తూచి ఇస్తారు. ఇన్ని గ్రాములకు ఇన్ని బీడీలు అప్పగించవలెనని లెక్క ముందే నిర్ణయమై ఉంటుంది. తెచ్చిన ఆకును రాత్రి నీటిలో తడిపి, గోనెపట్టాలోనో తడిగుడ్డలోనో చుట్టి ఉంచుతారు. మెత్తబడిన ఆకును తెల్లవారి రేకు అచ్చుపై పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. ఈనెలు, చిల్లులు లేని భాగమే పనికి వస్తుంది. చేట ఒడిలో పెట్టుకొని, కత్తిరించిన ముక్కపై తంబాకు సమంగా పరచి, వ్రేళ్లతో బిగువుగా చుట్టి, కొసను మడిచి, దారం కడతారు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. చేయి తిరిగిన స్త్రీ కూడ వేయి బీడీలు చుట్టడానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కూర్చోవలసిందే. వంట, పిల్లలు, నీళ్లు మోయడం, ఇవన్నీ మధ్యలో జరిగిపోవలసినవి.

సాయంకాలం కట్టలు కమీషన్‌దారు ముందుకు వస్తాయి. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. అతడో, అతని గుమాస్తాయో కట్టలను త్రిప్పి చూసి కొన్నింటిని ఏరి పక్కకు వేస్తాడు. బిగువు లేదని, పొడవు తక్కువని, ఆకు పగిలిందని కారణాలు చెబుతాడు. ఇట్లు ఏరివేసిన బీడీలకు కూలీ లేదు. పారవేసినట్లు చెప్పిన బీడీలు తరువాత చౌకగా అంగడికి చేరుతాయన్నది కార్మిక సంఘాల పాత ఫిర్యాదు. ఆకు నాసిరకమైతే లెక్కకు సరిపడే బీడీలు రావు. అప్పుడు తక్కువపడిన ఆకును ఆ స్త్రీ తన డబ్బుతో కొని లెక్క పూర్తిచేయవలసి వస్తుంది. ముడిసరుకు నాణ్యతకు యజమాని బాధ్యుడు కాడు. తయారైన సరుకు నాణ్యతకు మాత్రం కార్మికురాలు బాధ్యురాలు! ఈ విచిత్ర న్యాయం చాలాకాలం ప్రశ్నించబడలేదు.

మరొక ముఖ్య విషయం ఉన్నది. కార్డుపై ఒకరి పేరే ఉంటుంది. చుట్టే చేతులు మాత్రం రెండు కావు. అత్త పేరిట కార్డు ఉంటే కోడళ్లు, కుమార్తెలు కూడ కూర్చుంటారు. 1986 బాలకార్మిక చట్టం ప్రమాదకరమైన పనుల పట్టికలో బీడీ తయారీని చేర్చింది. కాని ఇంటివారి సాయంతో యజమాని తానే నడిపే పనికి ఆ నిషేధం వర్తించదని అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. ఫలితంగా కార్ఖానాలో నిషిద్ధమైనది వసారాలో కొనసాగింది.

యజమాని ఎవరు?

బీడీ పరిశ్రమ మొదటినుంచీ ఇళ్లకే పరిమితమై ఉండలేదు. పెద్ద షెడ్లలో వందలమంది వరుసలుగా కూర్చుని చుట్టిన కార్ఖానాలు నాగపూరు, జబల్పూరు, మంగళూరు, కణ్ణూరు ప్రాంతాలలో ఉండేవి. 1948 కర్మాగారాల చట్టం వచ్చిన తరువాత పనిగంటలు, సెలవులు, వెలుతురు, గాలి, మరుగుదొడ్లు మొదలైన విధులు యజమానిపై పడ్డాయి. ఈ విధులు తప్పించుకొనే మార్గం సులభమైనదే. షెడ్డు మూసివేసి, ఆకు, తంబాకును మధ్యవర్తికి ఇస్తే చాలును. మధ్యవర్తి ఇంటింటికి పంచుతాడు. బీడీపై ముద్ర అదే, లాభం అదే; కార్మికులు మాత్రం లెక్కలలో లేకుండా పోతారు.

ఈ వ్యవహారం న్యాయస్థానాలకు చేరింది. 1958లో చింతామణ్ రావు కేసులో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌లో సట్టేదారులు అనబడే మధ్యవర్తులు స్వతంత్ర గుత్తేదారులే తప్ప కార్ఖానా కార్మికులు కారని తీర్పు చెప్పింది. 1960 దశకం ఆరంభంలో వచ్చిన రెండు కేసులలో తీర్పులు పరస్పరం భిన్నంగా ఉన్నాయి: ఒకదానిలో ఇష్టమైన వేళకు వచ్చిపోయే బీడీ పనివారు కార్మికులేనన్నారు, మరొకదానిలో కారన్నారు. 1964లో దివాన్ మొహిదీన్ సాహెబ్ కేసులో సుప్రీంకోర్టు మద్రాసు రాష్ట్రపు వ్యవస్థను లోతుగా పరిశీలించి, మధ్యవర్తులు పేరుకే గుత్తేదారులని, నిజానికి వారు యజమాని గుమాస్తాల వంటివారని, కనుక వారివద్ద పనిచేసేవారు యజమాని కార్మికులేనని నిర్ణయించింది. పదేళ్లు కూడ నిండకముందే న్యాయం ఇన్ని మలుపులు తిరిగింది. చట్టంలోనే స్పష్టత లేకుంటే ఒక నిరక్షరాస్యురాలు ప్రతిసారీ దేశరాజధానిలోని న్యాయస్థానం మెట్లెక్కవలసి వస్తుందని దీనివలన తేలింది.

మద్రాసు, కేరళ వంటి రాష్ట్రాలు స్వంత చట్టాలు చేసుకొన్నాయి. కాని ఒక రాష్ట్రం నిబంధన విధించగానే పరిశ్రమ పొరుగు రాష్ట్రానికి తరలిపోసాగింది. బీడీకి యంత్రం లేదు, చిమ్నీ లేదు. చేట, కత్తెర ఎక్కడైనా దొరుకుతాయి. తరలిపోవడానికి ఇంతకన్న సులభమైన పరిశ్రమ వేరొకటి లేదు. కాబట్టి పార్లమెంటు 1966లో దేశమంతటికీ వర్తించే బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. రాష్ట్రాల మధ్య ఈ పరుగును ఆపడం దాని ఉద్దేశాలలో ఒకటి.

ఈ చట్టంలోని నిర్వచనాలు విద్యార్థులు జాగ్రత్తగా గమనించవలసినవి. యజమానివద్దగాని, గుత్తేదారువద్దగాని ముడిసరుకు తీసుకొని ఇంటివద్ద బీడీలు చుట్టే వ్యక్తి కూడ ఉద్యోగియేనని చట్టం స్పష్టంగా చెప్పింది. ‘గృహ కార్మికుడు’ అనే మాటకు అందులో స్థానం దొరికింది. ‘యజమాని’ ఎవరన్నదానికి కూడ జవాబు ఉన్నది: పెట్టుబడి పెట్టడంద్వారాగాని, సరుకు సరఫరా చేయడంద్వారాగాని సంస్థపై గణనీయమైన ఆసక్తిగలవాడు, దాని వ్యవహారాలపై అంతిమ అధికారంగలవాడు. సాలుకు వేతనంతో కూడిన సెలవు, ప్రసూతి సౌకర్యం, పని తీసివేయాలంటే ముందస్తు నోటీసు, ఇవి గృహ కార్మికులకు కూడ వర్తించాయి. బీడీలు ఏరివేయడంపై నియమాలు వచ్చాయి. సాధారణంగా నూటికి 5కు మించి ఏరివేయరాదని కొన్ని రాష్ట్రాల నియమాలు నిర్దేశించాయి. ఈ చట్టం చెల్లదంటూ బీడీ యజమానులు వేసిన కేసులలో 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది.

అయితే చట్టంలో ఒక సందు మిగిలింది. స్వంత ఇంటిలో, తనపై ఆధారపడిన కుటుంబసభ్యుల సాయంతో బీడీలు చేసుకొనే వ్యక్తి, తాను మరొకరి ఉద్యోగి కానట్లయితే, చట్ట పరిధిలోకి రాడు. న్యాయమైన మినహాయింపే. కాని దీనిని ఆసరాగా తీసుకొని కొందరు వ్యాపారులు ‘అమ్మకం, కొనుగోలు’ అనే పద్ధతి పెట్టారు. ఆకు, తంబాకు ఇచ్చినట్లు కాక ‘అమ్మినట్లు’ వ్రాస్తారు. బీడీలు తీసుకొన్నట్లు కాక ‘కొన్నట్లు’ వ్రాస్తారు. కాగితంమీద ఆ స్త్రీ ఒక చిన్న వ్యాపారి అవుతుంది! ఆ వ్యాపారికి తన సరుకును మరొకరికి అమ్ముకొనే స్వేచ్ఛ ఉన్నదా అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఈ చిక్కుముడిని విప్పడంలో 1985లో వెలువడిన పి. ఎం. పటేల్ అండ్ సన్స్ కేసు తీర్పుకు ప్రత్యేక స్థానం ఉన్నది. 1977లో ప్రభుత్వం ఉద్యోగుల భవిష్యనిధి పథకాన్ని బీడీ పరిశ్రమకు విస్తరించింది. ఇంటివద్ద పనిచేసేవారిపై తమ పర్యవేక్షణ ఏదీ లేదు, వారు తమ ఉద్యోగులెట్లా అవుతారని యజమానులు వాదించారు. న్యాయస్థానం దానికి ఇచ్చిన సమాధానం ఆలోచింపదగినది. బీడీలను పరీక్షించి ఏరివేసే అధికారమే తగిన పర్యవేక్షణ అని అది చెప్పింది. పని జరుగుతున్నంతసేపూ వెనుక నిలబడి చూడనక్కరలేదు. నాసిరకమని త్రోసిపుచ్చే హక్కు ఎవరి చేతిలో ఉన్నదో అతడే యజమాని. ఏ గుంజుడువలన ఆ స్త్రీలు తరాలుగా నష్టపోయారో, అదే వారిని కార్మికులుగా నిరూపించే సాక్ష్యమైనది.

కణ్ణూరు చెప్పిన జవాబు

1966 చట్టాన్ని కేరళ ప్రభుత్వం 1968లో అమలులోకి తెచ్చింది. కణ్ణూరు ప్రాంతంలో పని ఇస్తూ వచ్చిన మంగళూరు గణేశ్ బీడీ సంస్థ ఆ సంవత్సరమే అక్కడి తన శాఖలను మూసివేసింది. సుమారు 12,000 మంది ఉపాధి కోల్పోయారు. చట్టం హక్కు ఇచ్చిన మరుక్షణం పని పోయిన ఈ సందర్భాన్ని చూపి, కార్మికచట్టాలే ఉపాధికి శత్రువులని వాదించినవారు ఆనాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు.

కణ్ణూరు కార్మికులు వేరొక మార్గం ఎంచుకొన్నారు. 1969 ఫిబ్రవరిలో కేరళ దినేశ్ బీడీ కార్మికుల సహకార సంఘం ఏర్పడింది. వాటాధనానికి రాష్ట్ర ప్రభుత్వం రుణసాయం చేసింది. ప్రాథమిక సంఘాలు షెడ్లు నడిపాయి. కేంద్రసంఘం ఆకు, తంబాకు కొని, బీడీలు అమ్మింది. కనీస వేతనం, సెలవు జీతం, ప్రసూతి సౌకర్యం, భవిష్యనిధి అన్నీ ఇచ్చి కూడ సంఘం నిలిచింది. 1980 దశకంలో కార్మికుల సంఖ్య 40,000 దాటింది. ఆ షెడ్లలో ఒక ఆచారం ఉండేది. ఒక కార్మికుడు వార్తాపత్రికను బిగ్గరగా చదువుతుండగా మిగిలినవారు చుట్టేవారు. చదివినవాని వాటా బీడీలను తక్కినవారు పంచుకొని చుట్టి ఇచ్చేవారు. గ్రంథాలయాలకు వచ్చే పాఠకులకు ఈ సంగతి ముచ్చటగొలుపుతుంది.

దినేశ్ విజయానికి పరిస్థితులు తోడ్పడ్డాయని మరువరాదు. అచ్చట బలమైన కార్మికసంఘాలు, అక్షరాస్యత, అనుకూలమైన ప్రభుత్వం ఉన్నాయి. అన్నిటికంటె ముఖ్యంగా అక్కడివారు షెడ్డులో ఒకచోట కూర్చుని పనిచేసినవారు; ఒకరినొకరు ఎరిగినవారు. ఇంటింటా విడివిడిగా కూర్చున్న స్త్రీలకు ఆ కూడిక ఎక్కడిది? ధూమపానం తగ్గి బీడీ గిరాకీ పడిపోగా 1990 దశకం చివరనుంచి ఆ సంఘం ఆహారపదార్థాలు, గొడుగులు, దుస్తుల తయారీలోకి అడుగుపెట్టింది. అయినా సభ్యులసంఖ్య నాటితో పోల్చదగినది కాదు.

వేయి బీడీలకు ఐదు రూపాయలు

యజమానిని పట్టుకొనుట కష్టమైనప్పుడు వస్తువును పట్టుకొనవచ్చును గదా! సంక్షేమనిధి వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఈ ఊహ కొత్తది కాదు. నెల్లూరు జిల్లాలోను, బీహారులోను అభ్రకం గనులలో పనిచేసేవారికోసం 1946లోనే అభ్రకంపై సుంకం విధించి ఒక నిధి ఏర్పరచారు. 1976లో పార్లమెంటు బీడీలకు సంబంధించి రెండు చట్టాలు చేసింది: ఒకటి సెస్సు విధించడానికి, రెండవది ఆ డబ్బుతో సంక్షేమనిధి నడపడానికి. ఎవరు ఎవరి కార్మికులు అన్న వివాదంతో పనిలేదు. ఉత్పత్తి జరిగితే సెస్సు చేరుతుంది. దానితో ఆసుపత్రులు, వైద్యశాలలు, పిల్లలకు విద్యార్థివేతనాలు, ఇంటి నిర్మాణానికి సాయం. 2000 తరువాతి దశకంలో ఈ సెస్సు వేయి బీడీలకు 5 రూపాయలకు చేరింది.

పుస్తకాల ఖర్చు, బట్టల ఖర్చు వెళ్లదీయలేక బడి మాన్పించబోయిన అనేక బాలికలకు ఆ విద్యార్థివేతనం అక్కరకు వచ్చింది. ఇందుకు ఒక చిన్న అట్టముక్క కావలెను. అదే గుర్తింపుకార్డు. కార్డు ఉంటే వైద్యశాలలో మందు, పిల్లలకు వేతనం, ఇంటికి దరఖాస్తు. కార్డు లేనిచో ఏమీ లేదు. కార్డు ఇవ్వడమంటే కార్మికురాలిగా ఒప్పుకొనడమే కనుక యజమానులు వెనుకాడారు. చివరకు సంక్షేమసంస్థ అధికారులే కార్డులు జారీచేసే ఏర్పాటు జరిగింది. యజమాని ఒప్పుకొనకపోయినా రాజ్యం ఒప్పుకొన్నది.

అసలు ‘గుర్తింపు’ అనేది అసంఘటిత కార్మికులందరికీ తొలి పోరాటమే. 1972లో అహ్మదాబాదులో ఎలా భట్ నాయకత్వాన స్వయంఉపాధి స్త్రీల సంఘం ‘సేవ’ను కార్మికసంఘంగా రిజిస్టరు చేయబోగా, వీరికి యజమాని లేడు గనుక సంఘమెట్లా అవుతుందని కార్మికశాఖ అభ్యంతరం చెప్పింది. సంఘమంటే యజమానితో పోట్లాడడానికే కాదు, సభ్యుల ఐక్యతకు కూడ అని వారు వాదించి ఆ ఏడాదే రిజిస్ట్రేషన్ సాధించారు.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను ప్రవేశపెట్టినప్పుడు అనేక సెస్సులతోపాటు బీడీ కార్మికుల సెస్సు కూడ రద్దయింది. బీడీపై 28 శాతం పన్ను విధించారు. పన్ను పెరిగింది, కాని అందులో ఇంత భాగం కార్మికులదని వేరుగా చూపే ఏర్పాటు పోయింది. విద్యార్థివేతనాలు, వైద్యశాలలు కొనసాగుతున్నాయి. అయితే అవి ఇప్పుడు సాలుసాలుకు బడ్జెట్‌లో కేటాయించే మొత్తంపై ఆధారపడినవి. స్వంత నిధి ఉండడానికి, కేటాయింపుకోసం ఎదురుచూడడానికి గల భేదం ఆర్థికశాస్త్ర విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

షోలాపూరు, నిజామాబాదు

ఈ పరిశ్రమతో తెలుగువారి అనుబంధం రాష్ట్ర సరిహద్దులు దాటినది. మహారాష్ట్రలోని షోలాపూరుకు తెలంగాణ జిల్లాలనుంచి పద్మశాలి కుటుంబాలు తరలివెళ్లి అనేక తరాలైనది. పురుషులు మగ్గాలపై, స్త్రీలు బీడీలపై అక్కడ స్థిరపడ్డారు. ఆ నగరపు తూర్పుభాగంలోని వాడలలో నేటికీ తెలుగు వినబడుతుంది. ఈ స్త్రీలు ఇరుకు గదులలో అద్దెకుండేవారు. గది ఉన్నది నిద్రకు మాత్రమే కాదు, బీడీలు చుట్టడానికి కూడ అదే. కాబట్టి వారికి ఇల్లన్నది నివాసం మాత్రమే కాదు, పనిచేసే చోటు కూడ. నర్సయ్య ఆడం నాయకత్వంలో సాగిన ఉద్యమం ఫలితంగా షోలాపూరు సమీపాన కుంభారివద్ద గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్లు నిర్మించి 2006లో అప్పగించారు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సాయం, కార్మికుల స్వంత వాటా కలిసి ఆ ఇళ్లు లేచాయి. తరువాత అదే ప్రాంతంలో అసంఘటిత కార్మికులకోసం 30,000 ఇళ్ల రేనగర్ పథకం చేపట్టి, 2024 జనవరిలో మొదటి విడతగా 15,000 ఇళ్లు అందజేశారు. ఆ ఇళ్ల పట్టాలపై స్త్రీ పేరు ఉండడంలోని విలువ అద్దె గదిలో కత్తెర పట్టినవారికి బాగా తెలుసును.

ఉత్తర తెలంగాణలో పరిస్థితి వేరు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి పల్లెలనుంచి పురుషులు గల్ఫ్ దేశాలకు వలసపోవడం 1970 దశకంనుంచి పెరిగింది. అక్కడినుంచి డబ్బు వచ్చేవరకు, ఒక్కొక్కప్పుడు రాకపోయినా, ఇల్లు నడిపినది ఈ బీడీ కూలీయే. ఏజెంటుకిచ్చిన అప్పుకు వడ్డీ కట్టినదీ అదే. చిన్న రాబడియైనా వారం వారం చేతికందే రాబడి.

తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను ప్రారంభించి, 2019లో దానిని 2,016 రూపాయలకు పెంచింది. అర్హతకు భవిష్యనిధి సభ్యత్వం ఆధారం. ఇక్కడ పాత సమస్య క్రొత్త రూపంలో ఎదురైంది. అత్త పేరిట కార్డుపై ఇరవై ఏళ్లు చుట్టిన కోడలికి భవిష్యనిధి ఖాతా లేదు. కొందరికి ఖాతా ఉన్నా, కమీషన్‌దారు పుస్తకంలో వ్రాసిన పేరు ఒకటి, ఆధార్‌లో పేరు ఒకటి. గుమాస్తా నాడు తోచినట్లు వ్రాసిన అక్షరం నేడు ఒక ముసలమ్మ పింఛనును నిలిపివేయగలదు. ఉద్యోగుల పింఛను పథకం క్రింద కనీస పింఛను 2014లో 1,000 రూపాయలుగా నిర్ణయమైంది. దీర్ఘకాలం చందా కట్టిన బీడీ కార్మికులలో అనేకులకు వచ్చేది ఆ కనీసమే, ఏలననగా పుస్తకంలో చూపిన పనిదినాలు, కూలీ రెండూ తక్కువ.

పొగ తగ్గుతున్న కాలంలో

బీడీ ఆరోగ్యానికి హానికరమన్నది నిర్వివాదాంశం. కాల్చేవారికే కాదు, చుట్టేవారికి కూడ. పొగాకు ధూళివలన దగ్గు, ఆయాసం, కనుల మంట; గంటలకొద్దీ వంగి కూర్చోవడంవలన నడుము, మెడ నొప్పులు ఈ పనివారిలో సర్వసాధారణం. 2003 పొగాకు నియంత్రణ చట్టం, 2016నుంచి పెట్టెలపై 85 శాతం మేర చిత్రాలతో హెచ్చరిక, ప్రజారోగ్యం దృష్ట్యా అవసరమైనవే. వీటివలన వారానికి దొరికే పనిరోజులు తగ్గుతున్నాయి. చట్టాలు కార్మికురాలికి హక్కులు స్థిరపరచే నాటికి ఆ పనియే కరగిపోతున్నది. ప్రత్యామ్నాయ ఉపాధి అనే మాట ప్రభుత్వ పత్రాలలో చాలాకాలంగా ఉన్నది. కుట్టుమిషను శిక్షణ వంటి ప్రయత్నాలు జరిగాయి. ఇల్లు కదలక, పిల్లలను చూసుకొంటూ, వారం వారం డబ్బు ముట్టే పని మరొకటి చూపగలిగితేనే అవి నిలుస్తాయి. ఈ షరతులను తేలికగా తీసుకొన్న పథకాలు నిలువలేదు.

మరొకవైపు, బీడీలనాటి పాత ఊహ క్రొత్త రంగంలో తలయెత్తింది. ఫోనుద్వారా భోజనం చేరవేసేవారు, అద్దె వాహనాలు నడిపేవారు ఎవరి కార్మికులు? సంస్థలు వారిని ‘భాగస్వాములు’ అంటాయి. ‘అమ్మకం, కొనుగోలు’ పద్ధతిలో బీడీ చుట్టే స్త్రీని వ్యాపారి అన్నట్లే ఇది. 2020 సామాజిక భద్రతా స్మృతి ఈ వివాదంలో తలదూర్చకుండ, సంస్థల వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతంవరకు, వారికి చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సామాజిక భద్రతానిధికి చందా కట్టవలెనని నిర్దేశించింది. వేయి బీడీలకు ఇంత అన్న సూత్రమే ఇది. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఇ-శ్రమ్ నమోదులో 30 కోట్లకు మించిన అసంఘటిత కార్మికులు పేరు వ్రాయించుకొన్నారు. పేరు నమోదు కావడం మొదటి మెట్టు; ఆ పేరుకు ఎదురుగా ఏ నిధినుంచి ఎంత రావలెనో వ్రాసి ఉండడం రెండవది.

నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. వీటిలో వృత్తి భద్రత, ఆరోగ్య, పనిపరిస్థితుల స్మృతి 1966 బీడీ చట్టానికి బదులుగా వచ్చినది. బీడీ, సిగార్ కార్మికులకు అందులో ఒక ప్రత్యేక భాగం ఉన్నది. పరిశ్రమ ఆవరణకు వెలుపల పని ఇవ్వడానికి అనుమతి అవసరమన్న నియమం నిలిచింది. స్వంత ఇంటిలో కుటుంబసభ్యుల సాయంతో స్వయంఉపాధిగా చేసేవారికి ఆ భాగం వర్తించదన్న మినహాయింపు కూడ నిలిచింది. కార్డుపై ఒకరి పేరు, చేటలపై నలుగురి చేతులు ఉన్న ఇళ్లలో ఎవరు స్వయంఉపాధి, ఎవరు ఉద్యోగి అన్నది రాష్ట్రాలు చేసే నియమాలు, వాటిపై వచ్చే తీర్పులు తేల్చవలసి ఉన్నది. ఈలోగా కమీషన్‌దారు వద్ద సాయంకాలపు ఏరివేత మాత్రం ఎప్పటివలెనే జరుగుతున్నది.